కనిపెట్టుకుని ఉండడం

(గుంటూరులోని ఒక గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రం ఒక సీనియర్ స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్లు చాలామంది వచ్చారు. ముందు వరుసలో నర్సింగ్ చదువుతున్న పిల్లలు కూడా ఉన్నారు. నన్ను పిలిచినప్పుడు ఈ గ్రంథాలయం పెద్దాయన, "అమ్మా, ఐసీయూ అంటే మాకు తలుపు బయటి కుర్చీలే తెలుసు, లోపల ఏం జరుగుతుందో చెప్పండి" అన్నారు. ఇరవై రెండేళ్లుగా నేను ఆ తలుపుకు లోపలి వైపు ఉన్నాను. మొదట ఆరేళ్లు క్యాజువాల్టీలో, ఆ తర్వాత ఐసీయూలో.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలితే మా అమ్మమ్మ ముందు అనే మాట, "పక్కన ఒకళ్లు కనిపెట్టుకుని ఉండండే" అని. మందు సంగతి, డాక్టరు సంగతి ఆ తర్వాత. నర్సింగ్ స్కూల్లో చేరాక దీనికే అబ్జర్వేషన్ అని, మానిటరింగ్ అని పేర్లు నేర్పారు. ఏటా మే 12న మా చేతికి కొవ్వొత్తులిచ్చి ప్రమాణం చేయిస్తారు కదా, ఆ నైటింగేల్ తల్లి క్రిమియా యుద్ధంలో రాత్రిపూట దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగింది గాయపడ్డవాళ్లను చూసుకోవడానికే. నా పని ఏమిటని ఎవరడిగినా నేను అమ్మమ్మ మాటే చెబుతాను. మనిషి పక్కన కనిపెట్టుకుని ఉండడం.

రాత్రి డ్యూటీ ఎనిమిదికి మొదలవుతుంది. మేము పావుగంట ముందే వెళ్తాం. అప్పటిదాకా చూసిన సిస్టర్ దగ్గర చార్జ్ తీసుకోవాలి. కౌంటర్ దగ్గర కూర్చుని పుస్తకం అందుకుంటే అది చార్జ్ తీసుకోవడం అవదు. మంచం మంచం దగ్గరకు ఇద్దరమూ కలిసి నడవాలి. ఊపిరి కోసం నోట్లోంచి వేసిన ట్యూబు పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు మీద కట్టారు? రాసింది 22 అయితే నా కంటికీ 22 కనపడాలి. సిరంజి పంపులో బీపీ మందు ఎంత మిగిలింది? 50 మిల్లీలీటర్ల సిరంజి అయిపోయాక రెండోది కలుపుకుందామనుకుంటే కుదరదు. ఆ మందు ఆగిన ఒకటి రెండు నిమిషాల్లోనే కొందరికి బీపీ జారిపోతుంది. తలాపున అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి పంపే సంచి, ఉందా? కఫం లాగే సక్షన్ పనిచేస్తోందా? వీపు కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడిందా? ఇవన్నీ చూశాకే పాత సిస్టర్‌ని ఇంటికి పంపిస్తాను. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇదంతా చాదస్తంలా ఉంటుంది. ఒక్కసారి తలాపున అంబు బ్యాగ్ లేని రాత్రి చూస్తే ఇక జన్మలో మరిచిపోరు.

మానిటర్ ఉంది కదా, అలారం మోగుతుంది కదా అని అడుగుతారు. మోగుతుంది. కానీ వేలికి పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ తగ్గిందని చూపించేసరికి కొంత ఆలస్యమవుతుంది. చేతులు చల్లబడితే అసలు సరిగ్గా పట్టుకోదు. మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు ముందు చెప్పేది ఊపిరి. నిమిషానికి పదహారు ఉన్నది ఇరవై రెండవుతుంది, ఇరవై ఎనిమిదవుతుంది. బీపీ, నాడి అప్పటికి బాగానే ఉంటాయి. అందుకే ఊపిరిని గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టమని పిల్లలకు చెబుతాను. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించవద్దంటాను. ఆ తర్వాత మూత్రం. గంట గంటకూ కొలిచి రాస్తాం. అరవై కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. రెండు గంటలు వరుసగా తగ్గితే డాక్టరుకు ఫోన్ చేస్తాం, అర్ధరాత్రి రెండైనా సరే. బయట కూర్చున్నవాళ్లు, "సిస్టర్ ఎప్పుడూ ఏదో రాసుకుంటూనే ఉంటుంది" అనుకుంటారు. మేము రాసేది ఇదే. మీ నాన్నగారి కిడ్నీలు ఈ గంటలో ఎలా పనిచేశాయో రాస్తున్నాం.

ఇక మన ప్రాంతం సంగతి. ఈ ఊళ్లో వైద్య కళాశాల 1946లో వచ్చింది. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి, బాపట్ల వైపు నుంచి ప్రాణం మీదికొస్తే జనం గుంటూరు బస్సో, 108 బండో ఎక్కుతారు. వచ్చేవాళ్లలో మా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లేది పురుగుమందు కేసులు. కొందరు పత్తికో మిర్చికో మందు కొడుతూ పొలంలో పడిపోయినవాళ్లు. కొందరు ఇంట్లో మాట పట్టింపు వచ్చి, ఒక్క నిమిషం ఆవేశంలో తాగినవాళ్లు. తెలివొచ్చాక వాళ్లలో ఎక్కువమంది నా చెయ్యి పట్టుకుని అడిగేది ఒకటే, "సిస్టర్, నేను బతుకుతానా?" అని.

వచ్చీ రాగానే బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతో తల నుంచి పాదాల దాకా కడుగుతాం. జుట్టులో ఉండిపోయిన మందు కూడా ఒంట్లోకి పోతూనే ఉంటుంది, కాబట్టి తల రెండుసార్లు రుద్దుతాం. నోటి నుంచి నురగ, కళ్లల్లో నీళ్లు, గుండెల్లో గురగుర. ఆర్గనోఫాస్ఫరస్ అనే రకం పురుగుమందు అయితే విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెడతారు. అట్రోపిన్ చిన్న గాజు ఆంప్యూల్‌లో వస్తుంది, ఒక్కోదానిలో 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు. ఐదు నిమిషాలకు ఛాతీ పొడిబారకపోతే ఆరు. తర్వాత పన్నెండు. తర్వాత ఇరవై నాలుగు. ఒకరు విరుస్తుంటే ఒకరు సిరంజిలోకి లాగుతాం. మెడ దగ్గర గాజు సరిగ్గా విరగక వేళ్లు తెగుతాయి, గాజుగుడ్డ చుట్టుకుని మళ్లీ విరుస్తాం. నా చూపుడువేలి మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి. పిల్లలూ, తర్వాత వచ్చి చూడండి. ఆంప్యూల్‌ని ఎలా పట్టుకోకూడదో తెలుస్తుంది.

ఎంత ఇవ్వాలన్నది మనిషిని చూస్తూ తేల్చుకోవాలి. ఛాతీలో గురగుర పోయిందా, నాడి 80 దాటిందా, బీపీ నిలబడిందా, సూదిమొనలా ఉన్న కంటిపాప విచ్చుకుందా, చంకలో తడి ఆరిందా. చంకలో చెయ్యి పెట్టి చూడడం మాకు ఒక పరీక్ష. అట్రోపిన్ ఎక్కువైతే ఒళ్లు కాలిపోతుంది, మనిషి దుప్పటి పీకుతూ గాల్లో ఏవేవో పట్టుకోబోతాడు. బంధువులు పిచ్చెక్కిందని హడలిపోతారు. డాక్టరుకు చెప్పి తగ్గిస్తాం. ఇలా రెండు వైపులా జారకుండా రాత్రంతా పట్టుకుని ఉండాలి.

కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది మూడో రోజు గురించి.

కొన్నేళ్ల కింద పల్నాడు వైపు నుంచి ఇరవై ఏళ్లు దాటని అబ్బాయిని తెచ్చారు. మొదటి రెండు రోజులు గండం గడిచింది. మూడో రోజు సాయంత్రానికి మాట్లాడుతున్నాడు, వాళ్లమ్మ ఇచ్చిన టీ రెండు గుక్కలు తాగాడు. బయట బంధువులకు ధైర్యం వచ్చింది. "ఇంక వార్డుకు మార్చండి సిస్టర్" అంటున్నారు. నాకు ఆ రాత్రి రెండే మంచాలు. పదింటికి అతని దగ్గరకు వెళ్లి, "నాన్నా, తల దిండు మీద నుంచి ఒకసారి పైకెత్తు" అన్నాను. ఎత్తబోయాడు. లేవలేదు. మళ్లీ చేయమన్నాను. మెడ కదలలేదు. నవ్వబోయి, "నీరసంగా ఉంది సిస్టర్" అన్నాడు. ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టాను, ముప్పై పైన ఉంది, పైపైనే ఆడుతోంది. మానిటర్‌లో మాత్రం ఆక్సిజన్ 96, బాగానే ఉన్నట్టు చూపిస్తోంది.

ఈ విషంలో ఇదొక దశ. మొదటి రోజు దాటాక నాలుగో రోజు లోపు ఎప్పుడైనా రావచ్చు. మెడ కండరాలు, ఊపిరి ఆడించే కండరాలు మెల్లగా చచ్చుబడతాయి. దీనికి అట్రోపిన్ పనిచేయదు. కండరాలు తిరిగి తేరుకునేదాకా ఊపిరిని యంత్రం ఆడించాలి, అంతే. డ్యూటీ డాక్టరును పిలిచాను, మత్తు డాక్టరు వచ్చారు, పదకొండు లోపే ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగిన మనిషికి ట్యూబు వేయాల్సి వచ్చేది.

బయటకెళ్లి వాళ్లమ్మకు చెప్పడం చాలా కష్టమైంది. సాయంత్రం టీ తాగిన కొడుకు రాత్రికి వెంటిలేటర్ మీదికి వెళ్లాడంటే ఏ తల్లి నమ్ముతుంది? వాళ్ల మేనమామ గట్టిగానే అరిచాడు. నాకు కోపం రాలేదు. అరిచినందుకు ఎవరి మీదా నాకు కోపం రాదు. చెయ్యి ఎత్తితే మాత్రం వేరు. ఆసుపత్రి మనుషుల మీద దాడి చేస్తే శిక్ష పడేలా మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చింది. అది చాలామందికి తెలియదు.

పదకొండు రోజులు ఆ అబ్బాయి యంత్రం మీద ఉన్నాడు. ఆ పదకొండు రోజులూ అతనికి పూర్తిగా తెలివి ఉంది, కదల్లేడు, మాట్లాడలేడు. ఇది నర్సు ఎప్పుడూ మరిచిపోకూడదు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేవాళ్లం, తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉంచేవాళ్లం, నోరు కడిగేవాళ్లం, రెప్పలు సరిగా మూసుకోవు కాబట్టి కళ్లు ఎండిపోకుండా ఆయింట్‌మెంట్ రాసేవాళ్లం. ఏ పని చేసినా ముందు చెప్పి చేసేవాళ్లం. "ఇప్పుడు గొంతులో కఫం లాగుతా నాన్నా, దగ్గొస్తుంది, భయపడకు." "ఇవాళ శుక్రవారం. బయట వాన పడుతోంది." ఏడో రోజు తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న సిస్టర్ నాకు ఇంటికి ఫోన్ చేసింది, తల ఒక అంగుళం పైకి లేచిందని. ఆ అంగుళం కోసం రోజుకు నాలుగుసార్లు అందరమూ అతన్ని అదే అడుగుతున్నాం మరి.

ఈ అబ్బాయిని కాపాడింది నా గొప్పతనం అనుకోవద్దు. ఆ రాత్రి నాకు రెండు మంచాలే ఉన్నాయి. వెళ్లి నిలబడి మెడ ఎత్తమని అడిగే తీరిక నాకు దొరికింది.

తీరిక దొరకని రాత్రి గురించి కూడా చెబుతాను. ఎక్కడన్నది చెప్పను, చాలా ఏళ్ల కిందటి మాట. ఆ రోజు ఒక సిస్టర్ సెలవు, ఇంకొకరిని ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారు. నాకు ఆరు మంచాలు, వాటిలో మూడు వెంటిలేటర్లు. మూడో మంచం మీద ఒకాయనకు రక్తపు వాంతులు. నా రెండు చేతులూ ఆయన దగ్గరే ఉన్నాయి. ఐదో మంచం మీద వెంటిలేటర్‌తో ఉన్న ఒకావిడ అలారం మోగుతోంది. ఐసీయూలో ఏదో ఒక అలారం మోగుతూనే ఉంటుంది, చెవి అలవాటు పడిపోతుంది. నేను అటు వెళ్లేసరికి ట్యూబులో కఫం గడ్డకట్టి దారి మూసుకుపోయింది. గుండె ఆగిపోయింది. నిమిషానికి వందకు పైన, రెండు నిమిషాలకొకరం మారుతూ ఛాతీ నొక్కాం. గుండె తిరిగి కొట్టుకుంది. ఆవిడ మాత్రం మళ్లీ కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పోయారు. ఇద్దరు పిల్లల తల్లి.

ఆ రోజు ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. ఎవరూ ఏమీ రాయలేదు కూడా. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి షిఫ్టుకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క చెబుతుంది. మంచాలు పెంచేటప్పుడు, యంత్రాలు కొనేటప్పుడు ఎంత సంతోషంగా రిబ్బన్లు కత్తిరిస్తారో, ఆ యంత్రం పక్కన ఎంతమంది నిలబడతారని అడిగేవాళ్లు అంత తక్కువ. మీరు అడగండి. మీ వాళ్లను ఐసీయూలో చేర్చేటప్పుడు గది అద్దె అడుగుతారు, ఏసీ ఉందా అని అడుగుతారు. "రాత్రిపూట ఒక్కో సిస్టర్‌కి ఎన్ని మంచాలు?" అని అడగండి. పది కుటుంబాలు వరుసగా అడిగితే యాజమాన్యాలు ఆలోచిస్తాయని నా నమ్మకం. మేము అడిగితే అది జీతాల గొడవగా వినిపిస్తోంది.

క్యాజువాల్టీ సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. అక్కడ మీకు కష్టం కలిగించేది, "మేము ముందొచ్చాం, వాళ్లను ముందు చూస్తున్నారు" అన్నది. కాలు విరిగినవాడు కేకలు పెడతాడు. లోపల రక్తం పోతున్నవాడు మెదలకుండా పడుకుని ఉంటాడు. మేము ముందు ఆ మెదలకుండా ఉన్నవాడి దగ్గరకు వెళ్తాం. దయచేసి అర్థం చేసుకోండి.

పాము కాట్లు వానాకాలంలో ఎక్కువ. రక్తపింజర కరిచిందేమోనని అనుమానం ఉంటే మేము చేసే పరీక్షకు పెద్ద మిషన్ అక్కర్లేదు. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టకుండా నీళ్లలా కారితే విషం ఎక్కినట్టు. ఆ ట్యూబును సబ్బుపొడితో కడిగి ఉంటే మంచి రక్తం కూడా గడ్డకట్టదు, అందుకే కొత్త ట్యూబు దాచి పెట్టుకుంటాం. కట్లపాము వేరే రకం. నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది, గాటు కూడా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేస్తే ప్రాణం పోతుంది. "పెద్దమ్మా, ఒకసారి పైకి చూడు" అంటాను. రెప్పలు బరువుగా వాలిపోతుంటే నాకు అనుమానం వస్తుంది. మెడ ఎత్తమనడం లాంటిదే ఇదీ.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. పురుగుమందు కేసైతే డబ్బా తీసుకురండి, ఖాళీదైనా సరే. కలుపుమందు పారాక్వాట్ అయితే వైద్యం పూర్తిగా వేరు, ఆక్సిజన్ కూడా ఆచితూచి పెట్టాలి, ఎక్కువైతే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి. ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించవద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకో జబ్బు తెస్తుంది. పాము కరిస్తే బిగించి తాడు కట్టవద్దు, కోయవద్దు, కాలు కదపకుండా తెచ్చేయండి. రోజూ వేసుకునే బిళ్లల అట్టలు ఒక కవర్లో వేసుకుని రండి. ఇంట్లో ఒక్కరే మాతో మాట్లాడండి, మిగతావాళ్లకు వాళ్లే చెబుతారు. ఒకే రోగి గురించి ఏడుగురికి విడివిడిగా ఫోన్లో చెబుతున్న అరగంటా నా కళ్లు ఆ రోగి మీద లేవు కదా.

ప్రశ్నలు అడగండి.

(వెంటిలేటర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టేననీ, డబ్బుల కోసం పెడతారనీ అంటారు, నిజమేనా అని ఒకరు అడిగారు.)

ఆ భయం నాకు తెలుసండీ. జబ్బు బాగా ముదిరినవాళ్లకే వెంటిలేటర్ పెడతారు కాబట్టి వాళ్లలో పోయేవాళ్లూ ఎక్కువే. అది చూసి యంత్రమే చంపిందనుకుంటాం. ఇందాక చెప్పిన అబ్బాయి పదకొండు రోజుల తర్వాత ట్యూబు తీయించుకుని వాళ్లమ్మను "మా" అని పిలిచాడు. గొంతు బొంగురుపోయి సగమే వినపడింది. అన్నిసార్లూ అలా జరగదు. తిరిగి తేరుకునే జబ్బా, కాదా అని డాక్టరును సూటిగా అడగండి. తేరుకోదని తెలిసినప్పుడు ఇంటికి తీసుకెళ్లాలనుకోవడం తప్పేమీ కాదు. అలాంటప్పుడు మేము చివరి గంటల్లో బంధువులను లోపలికి పిలుస్తాం. నోట్లో తులసి నీళ్లు పోయనిస్తాం. తర్వాత ట్యూబులన్నీ తీసి, ఒళ్లు తుడిచి, జుట్టు దువ్వి అప్పగిస్తాం. మంగళసూత్రాలు, మెట్టెలు లెక్కపెట్టి సంతకం తీసుకుని ఇస్తాం. ఆ తువ్వాలు తడి ఆరకముందే ఆ మంచానికి ఇంకో మనిషి వస్తాడు. అప్పుడు ఏడవడానికి వీలుండదు. ఇంటికెళ్లాక పిల్లలు బడికి పోయాక ఏడ్చిన రోజులు ఉన్నాయి.

(ఇంటర్ బైపీసీ చదివిన తన కూతురు బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానంటోందని, రాత్రి డ్యూటీలంటే తనకు భయంగా ఉందని ఒక తల్లి అన్నారు.)

ఉన్నమాట చెబుతానమ్మా. నాలుగేళ్ల చదువు. బయటికొచ్చాక ప్రైవేటులో మొదటి జీతం మీ అమ్మాయి కష్టానికి తగినంత ఉండదు. పన్నెండు గంటల రాత్రి, పొద్దున ఇంటికొచ్చి పడుకుందామంటే కాలింగ్ బెల్లు. సంక్రాంతికి అందరూ ఊళ్లో ఉంటే తను డ్యూటీలో ఉంటుంది. కాళ్లలో నరాలు ఉబ్బుతాయి. పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లు రాత్రి డ్యూటీలు మానేస్తుందా అని అడుగుతారు. మా ఇంటికి వచ్చినవాళ్లూ అడిగారు. మా నాన్న, "మా అమ్మాయి మానదండీ" అన్నాడు. మీరు కూడా ఆ మాట అనగలరో లేదో చూసుకోండి.

ఈ బుధవారం నాకు ఆఫ్. సాయంత్రం అమ్మాయిని మా ఇంటికి తీసుకురండి. మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీ ఊపిరి లెక్కపెట్టమంటాను తనని. నిమిషం నిండేదాకా చూపు తిప్పకుండా ఉంటుందేమో చూస్తాను.